మందుల షాపు మార్పులు: ముందుగా మాట్లాడే చోటు

ప్రశ్న: మా నాన్నగారు 1994లో ప్రారంభించిన మందుల షాపును బీఫార్మసీ పూర్తిచేసిన నేను ఇప్పుడు చూసుకుంటున్నాను. అది పడమటి ముఖంగా ఉన్న 160 చదరపు అడుగుల గది. పక్క గదిని కూడా అద్దెకు తీసుకుని రెండింటినీ కలపాలనుకుంటే, కాంట్రాక్టరు ముందు భాగమంతా గాజు అరలతో, సౌందర్య సాధనాలతో ప్లాను గీసి ఇచ్చారు. మా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది నెలనెలా షుగరు, బీపీ మందులు కొనుక్కునే పెద్దవారు. మేము ఏమేమి చూసుకోవాలి?
— ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: ఆ ప్లానులో మొట్టమొదట మీరు కూర్చునే చోటును, మీ ఎదురుగా రోగి కూర్చునే చోటును గుర్తించండి. మిగిలినవన్నీ ఆ తరువాతే. మన ఊళ్లలో చాలా షాపుల్లో ఫార్మసిస్టు కంప్యూటరు వెనుక ఉండిపోతారు, మందులు అందించే కుర్రవాడే వాటిని ఎలా వాడాలో కూడా చెప్పి పంపుతాడు. చీటీ మీద మందు ఇచ్చే పనిని 1948 నాటి ఫార్మసీ చట్టం నమోదైన ఫార్మసిస్టుకే అప్పగించింది. ఆ మందు గురించి రోగికి వివరించడాన్ని 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు ఫార్మసిస్టు బాధ్యతగా పేర్కొన్నాయి. పదిమంది వింటుండగా, నిలబడి, ఆ వివరణ సరిగా సాగదు.

ఉదాహరణకు షెడ్యూలు హెచ్1 మందుల సంగతి, అంటే అమ్మకంపై ప్రత్యేక ఆంక్షలున్న మందుల సంగతి చూడండి. క్షయ మందులు కూడా ఉన్న ఈ జాబితాలోని దేనిని అమ్మినా రోగి పేరు, మందు పేరు, పరిమాణం, వైద్యుని పేరు, చిరునామా ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. ఆ వివరాలను గుంపు ముందు పైకి అడిగితే, సిగ్గుపడిన మనిషి మరుసటి నెల రాకపోవచ్చు, చికిత్సనే మధ్యలో మానేయవచ్చు. ఈ ఒక్క కారణం చాలు, కౌంటరుకు ఒక చివర రెండు కుర్చీలు, చిన్న బల్ల, అడ్డుతెర ఉన్న మూలను కేటాయించడానికి. బిల్లు కట్టేవారి వరుస దానికి దూరంగా ఉండాలి. తలుపున్న గది ఇంకా మంచిదే గానీ, ఒక్కరే ఫార్మసిస్టు ఉన్న షాపులో వారు లోపలికి వెళితే కౌంటరు మీద చూపు ఉండదు కనుక మీకు మూలే మేలని నా అభిప్రాయం.

తరువాతిది ఎండ. పల్నాటి వేసవిలో మధ్యాహ్నం దాటిందంటే పడమటి ఎండ గాజు ముఖం గుండా నేరుగా అరల మీద పడుతుంది. 25 లేదా 30 డిగ్రీలు మించరాదని పెట్టె మీద అచ్చయిన మందులకు అది తగిన చోటు కాదు. మందులను లోపలి గోడకు జరిపి, ముందు లోతైన సన్‌షేడు వేయించి, ఏసీని మందుల వైపు అమర్చుకోండి. ఇన్సులిన్‌కు 2 నుంచి 8 డిగ్రీలు కావాలి, ఒకసారి గడ్డకట్టినది పనికిరాదు. కాబట్టి ఫ్రిజ్‌లో ఫ్రీజరుకు దూరంగా ఉంచి, లోపల థర్మామీటరు పెట్టి, కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ భారాన్ని మోయగల ఇన్వర్టరును ఎలక్ట్రీషియన్‌తో ముందే లెక్క కట్టించుకోండి.

మెట్టు ఉంటే ర్యాంపు వేయించండి. అర అడుగు ఎత్తుకు ఆరడుగుల పొడవు వస్తే చక్రాల కుర్చీ సులువుగా ఎక్కుతుంది. ఫోనులో ఆర్డరు ఇచ్చినవారి పొట్లాలకు తలుపు దగ్గర ఒక అర చాలు. సౌందర్య సాధనాలు ఉండవచ్చు గానీ, అవి రోగి కుర్చీ చోటును ఆక్రమించకూడదు.

లైసెన్సు అందులో చూపిన స్థలానికే చెల్లుతుంది. అందువల్ల గోడ పగలగొట్టక ముందే ఔషధ నియంత్రణ అధికారులకు కొత్త ప్లాను చూపించి, అనుమతి వచ్చిన తరువాతే ఆ గదిలో అమ్మకం మొదలుపెట్టండి. ఈలోగా పాత గదిలో షాపు నడుపుకుంటూ, కొత్త గది పనిని దుమ్ము ఇటు రాకుండా పూర్తి చేయించుకోవచ్చు.

ప్రశ్న: మా షాపు 120 చదరపు అడుగులే. పెంచే వీలు లేదు. కుర్చీలకు చోటు ఎక్కడిది?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: రిటైలు అమ్మకానికి నిబంధనలు కోరే కనీస విస్తీర్ణం 10 చదరపు మీటర్లు, అంటే దాదాపు 108 చదరపు అడుగులు, మీకు అది ఉంది. చిన్న షాపుల్లో నేలను ఆక్రమించేవి సాధారణంగా డిస్ట్రిబ్యూటరు దించిన అట్టపెట్టెలు, వెనక్కి పంపవలసిన గడువు దాటిన సరుకు. ఆర్డరును తక్కువ తక్కువగా, తరచుగా పెట్టండి. గడువు దాటినవాటిని, పైన ‘అమ్మకానికి కాదు’ అని పెద్దగా రాసిన ఒకే పెట్టెలో, అమ్మే సరుకుకు వేరుగా ఉంచి త్వరగా వెనక్కి పంపండి. అలా ఖాళీ అయిన చోట గోడకు మడిచే బల్ల ఒకటి, కుర్చీలు రెండు పడతాయి.