మోరిస్ కాలవ గట్టున జియోకాషింగ్

చి. కార్తీక్‌కు, పెదనాన్న ఆశీస్సులు.

న్యూజెర్సీలో మోరిస్ కాలవ వెంట జియోకాషింగ్‌కి, అంటే ఎవరో దాచిన డబ్బాను ఫోనులో జీపీఎస్ అంకెలు చూసి వెతికే ఆటకి, వెళ్తానన్నావు, చాలా సంతోషం. ముందు కాలవను గుర్తుపట్టడం నేర్చుకో, ఫోను సంగతి తర్వాత.

ఫిలిప్స్‌బర్గ్ నుంచి జెర్సీ సిటీ దాకా 172 కిలోమీటర్లు సాగిన ఆ కాలవను 1924లో వదిలేశారు. కొన్నిచోట్ల దానిమీద రోడ్డు పడింది, నెవార్క్‌లో రైలు పట్టాలు పడ్డాయి, చాలాచోట్ల అడవి కమ్మేసింది. కొండవారగా ఎత్తుపల్లాలు లేకుండా సాగే గుంట, దానికి పల్లపువైపు గట్టు కనిపిస్తే అదే కాలవ. ఆ గట్టు మీదే కంచరగాడిదలు పడవలు లాగేవి. డబ్బా పెట్టేవాళ్లు కూడా ఆ గట్టు మీదే నడుస్తారు, కాబట్టి ముందు గట్టు వార చూడు. గుంటలో దిగి ముళ్లపొదల్లో దేవులాడకు.

గోదావరి లాకులు చూసినవాడివి. ఇక్కడ లాకులతోపాటు 23 చోట్ల పడవను చక్రాల బండి మీదకెక్కించి, పట్టాల మీద కొండ ఎక్కించేవారు. ఆ వాలుల దగ్గర పట్టాల కింద పరిచిన రాళ్లు కొన్ని ఇంకా ఉన్నాయి. పైముఖాన మేకుల కోసం తొలిచిన గుండ్రటి రంధ్రాలు, వాటి నిండా కుళ్లిన ఆకు. కొత్తవాళ్లు అందులో చిన్న డబ్బా ఉందనుకుని రాయినే పెకిలిస్తారు. దయచేసి ఆ పని చెయ్యకు. డబ్బాను నేలలో పాతకూడదన్నది ఈ ఆటలో నియమం, కాబట్టి నువ్వు తవ్వాల్సిన అవసరమూ రాదు. చెట్టు మొదట్లో సహజంగా పడినట్టు లేని కర్రలు, బెరడు ముక్కలు వెతుకు.

డబ్బా చోటు చెప్పే అక్షాంశ రేఖాంశాల అంకెల దగ్గర జాగ్రత్త. అక్షాంశంలో డిగ్రీల తర్వాత 54.500 అంటే యాభైనాలుగున్నర నిమిషాలు. దాన్ని 54 నిమిషాల 50 సెకన్లుగా కొడితే ఆరువందల మీటర్ల అవతల తేలతావు. చెట్ల కింద ఫోనులో దారి చూపే బాణం పది మీటర్లు అటూఇటూ గెంతుతుంది. దాని వెంట పరిగెత్తకుండా ఒక నిమిషం ఆగు, రెండు వేర్వేరు దిక్కుల నుంచి నడిచిరా, ఆ రెండు దారులూ కలిసేచోట వెతుకు. మ్యాప్ ముందే దింపుకో, లోయల్లో సిగ్నల్ ఉండదు.

డబ్బాలో దొరికినవాళ్లు పేరు రాసే లాగ్‌బుక్ ఉంటుంది, అందులో పెన్సిల్‌తోనే రాయి, చెమ్మ కాగితం మీద పెన్ను సాగదు. మూత పెట్టేటప్పుడు లోపలి జిప్‌లాక్ కవరు అంచు రబ్బరు కింద ఇరుక్కుందేమో వేలితో తడిమి చూడు. డబ్బాల్లోకి నీళ్లు చేరేది ఎక్కువగా ఆ సందులోంచే.

ఆకు రాలిన నవంబరులో, మళ్లీ మార్చిలో వెతకడం తేలిక. వేటల కాలంలో నారింజరంగు చొక్కా తప్పనిసరి. ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపుకో, ఇంటికొచ్చాక మోకాళ్ల వెనక, నడుం చుట్టూ పిడుదులున్నాయేమో చూసుకో. ఉంటే ట్వీజర్స్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగెయ్యి. మూడేసి ఆకుల పాయిజన్ ఐవీ తగిలితే వెంటనే సబ్బుతో కడుక్కో.

కాలవ కొన్నిచోట్ల ఇళ్ల పెరళ్లలోంచి పోతుంది. బాణం అటే చూపించినా కంచె దాటకు.

మొదటిసారికి వాటర్లూ విలేజ్ మంచిది, లాకూ వాలూ రెండూ నడక దూరంలోనే చూడొచ్చు. పొద్దుగూకకముందే కారు దగ్గరికి వచ్చెయ్యి.

మీ పెదనాన్న