బోరులో ఇరుక్కున్న పైపును తీసేదెలా? (పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: మా పొలంలో ఆరున్నర అంగుళాల బోరు ఉంది. ఒకటిన్నర అంగుళాల జీఐ పైపులు పదిహేను బిగించి, 300 అడుగుల లోతుకు 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు దించాము. మోటారు కాలిపోవడంతో పైకి తీయిస్తుండగా ఆరు పైపులు వచ్చి, ఏడవది కదలలేదు. చైన్ పుల్లీతో ఇంకా గట్టిగా లాగించేసరికి పైపు, కేబులు రెండూ తెగి లోపలికి పోయాయి. ఒకరు గాలం వేద్దామంటున్నారు, బోరు బండివారు ఫ్లషింగ్ (కంప్రెసర్ గాలి) కొడితే వస్తుందంటున్నారు, మరొకరు కొత్త బోరు వేసుకోమంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక రైతు, నల్లగొండ జిల్లా

జవాబు: ఎవరి మాటైనా వినేముందు, పైకి వచ్చిన పైపు తెగిన చివరను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. ఏ పనిముట్టు దించాలో చాలావరకు అదే చెబుతుంది. చివరన సాకెట్ (రెండు పైపులను కలిపే మరల గొట్టం) లేకుండా, మర మొదట్లో తెగిన గుండ్రటి అంచు మాత్రమే కనిపిస్తే సాకెట్ కింది పైపుతోనే ఉండిపోయిందన్నమాట. అది నోరు తెరుచుకుని పైకి చూస్తూ ఉంటుంది కాబట్టి, కొన సన్నగా ఉండి పైకి పోనుపోను లావయ్యే, మరలు కోసే ట్యాపు అనే పనిముట్టును అందులోకి దించి, మెల్లగా తిప్పుతూ పోతే, లోపలి అంచును కోసుకుంటూ అది తన మర తానే చేసుకుని పట్టుకుంటుంది. అలా కాక సాకెట్ పైపుతో పాటు పైకి వచ్చేసి ఉంటే, లోపల మిగిలింది 48 మిల్లీమీటర్ల లావున్న పైపు మొండి మాత్రమే. దాని లోపల ట్యాపు తిప్పితే తుప్పు పట్టిన గోడ చీలిపోయే ప్రమాదం ఉంది కనుక, మొండి మీదికి టోపీలా దిగి బయటినుంచి కరిచి పట్టే గొట్టం వాడడం మేలు.

అయితే మీ విషయంలో ముందు తేల్చుకోవలసింది కేబులు సంగతి. తెగిన కేబులు నిటారుగా నిలబడదు. చుట్టలు చుట్టుకుని పైపు మొండి మీద పిచ్చుక గూడులా కూర్చుంటుంది. దాన్ని తీయకుండా ఏ ట్యాపు దించినా, గూడును కిందికి తొక్కి మరింత బిగించడమే అవుతుంది. గాలానికి అసలు పని ఇక్కడే. నాలుగు వైపులా కొక్కేలున్న గాలాన్ని కేబులు తగిలే లోతు వరకే దించి, రెండు మూడు చుట్లు తిప్పి, పైకి లాగి చూడాలి. ఏమీ రాకపోతే కొద్దిగా మాత్రమే ఇంకా కిందికి దించి మళ్ళీ తిప్పాలి. తొందరపడి ఒకేసారి ఇరవై ముప్పై అడుగులు దింపితే కేబులు గాలం మీదికి చుట్టుకుని, గాలమే ఇరుక్కుపోతుంది. అప్పుడు తీయవలసినవి రెండవుతాయి.

లోపలి పరిస్థితి చూడడానికి బోరు కెమెరా దొరికితే అంతకంటే మంచిది లేదు. నీరు మురికిగా ఉంటే కెమెరా పనిచేయదు కాబట్టి, పాత పద్ధతిలో ఒక గొట్టం అడుగున మెత్తటి సబ్బు గాని మైనం గాని దట్టించి, దించి, మొండి మీద ఒక్కసారి మోపి పైకి తీస్తే అచ్చు పడుతుంది. గుండ్రంగా పడితే పైపు బోరు మధ్యలో ఉన్నట్టు, చంద్రవంకలా పడితే గోడకు ఒరిగి ఉన్నట్టు. ఒరిగిన పైపు మీదికి టోపీ నేరుగా దిగదు; దాని అంచును ఒకవైపు నాలుకలా సాగదీసి కోయించుకుంటే, తిప్పినప్పుడు అది పైపును గోడ నుంచి లోపలికి లాక్కుంటుంది.

ఇంతకూ పైకి వస్తున్న మోటారు మధ్యలో ఎందుకు ఇరుక్కుంది? ఆరు పైపులు వచ్చాయంటే అప్పటికి మోటారు 180 అడుగుల దగ్గర ఉంది. మన గట్టి రాతి ప్రాంతాల్లో కేసింగ్ (బోరు గోడ కూలకుండా దించే గొట్టం) పై మట్టిపొర వరకే ఉంటుంది; ఆ కింద ఉత్త రాయి. పగుళ్ల పొర నుంచి ఊడిన రాతి పెచ్చు గాని, వదులుగా వేలాడిన కేబులు మడత గాని మోటారుకు, గోడకు నడుమ మేకులా దిగి ఉంటుంది. మేకు బిగిసినప్పుడు పైకి లాగేకొద్దీ మరింత బిగుస్తుందే తప్ప వదలదు. మీ తొమ్మిది పైపులు, వాటిలోని నీరు, పంపు, మోటారు అన్నీ కలిపినా మూడున్నర క్వింటాళ్లకు అటూ ఇటూగా తూగుతాయి. పుల్లీ మీద అంతకు మించి పడిన ప్రతి కిలో ఆ మేకును బిగించడానికే పోయింది. పైగా మర కోసిన చోట పైపు గోడ మందం దాదాపు సగానికి తగ్గి ఉంటుంది, తెగేదీ అక్కడే. పైపు కదలనప్పుడు ముందు ఒకటి రెండు అడుగులు కిందికి వదిలి, కుడివైపుకు తిప్పి, మళ్ళీ నెమ్మదిగా ఎత్తి ఉంటే పెచ్చు జారిపడే అవకాశం ఉండేది. ఎడమవైపుకు మాత్రం ఎన్నడూ తిప్పకూడదు, మరలు ఊడిపోతాయి.

ఫ్లషింగ్ విషయానికి వస్తే, మోటారు చుట్టూ ఒండ్రు పేరుకుని బిగుసుకున్నప్పుడు కంప్రెసర్ గాలి నిజంగానే ఉపయోగపడుతుంది. మీకు జరిగింది అది కాదని నా అభిప్రాయం. వదులైన పొర ఉన్న చోట గాలి కొడితే మరిన్ని పెచ్చులు రాలి మోటారు మీద పడవచ్చు. కేబులు తీయించి, అచ్చు చూసి, సరైన పనిముట్టుతో రెండుసార్లు ప్రయత్నించండి. అప్పటికీ రాకపోతే మానుకోవడమే లాభం. కొత్త బోరుకు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. వదిలేసిన బోరును అడుగు నుంచి నేల మట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చాలని 2010లో సుప్రీంకోర్టు ఆదేశించింది. పైన గోనెసంచి కప్పి వదిలేయకండి.

ప్రశ్న: కోనసీమలో చమురు, గ్యాసు బావులు కిలోమీటర్ల లోతు ఉంటాయి కదా. అంత లోతున పైపు ఇరుక్కుంటే ఎక్కడ ఇరుక్కుందో ఎలా తెలుస్తుంది?
– ఒక డిప్లొమా విద్యార్థి, అమలాపురం

జవాబు: ఉక్కు సాగుతుంది కాబట్టి తెలుస్తుంది. గోడ 9 మిల్లీమీటర్ల మందమున్న అయిదు అంగుళాల డ్రిల్ పైపును (బావి తొలిచే పైపును), దాని బరువుకు తోడు మరో 20 టన్నుల బలంతో లాగితే, స్వేచ్ఛగా ఉన్న ప్రతి కిలోమీటరుకూ సుమారు 28 సెంటీమీటర్లు సాగుతుంది. పైపు మీద సుద్దముక్కతో గీత గీసి లాగినప్పుడు ఆ గీత 56 సెంటీమీటర్లు లేచిందంటే, రెండు కిలోమీటర్ల వరకు పైపు వదులుగా ఉందని, ఆ కిందనే పట్టు పడిందని లెక్క. తరువాత వైరు మీద పరికరాన్ని లోపలికి దించి, సాగుదలను, మెలికను చోటు చోటుకూ కొలిచి ఖాయం చేసుకుంటారు.

అక్కడ పైపు ఇరుక్కోవడానికి రాళ్లు రాలడమే కారణం కానక్కరలేదు. బావిలో నింపిన బురద ద్రవం ఒత్తిడి, రాతి పొరలోని ఒత్తిడి కంటే ఎక్కువైతే, కదలకుండా ఉన్న పైపును అది గోడకు అదిమేస్తుంది. తేడా చదరపు సెంటీమీటరుకు 70 కిలోలు అనుకుని, పైపు 10 సెంటీమీటర్ల వెడల్పున 10 మీటర్ల పొడవునా గోడకు ఆనిందనుకుంటే, అదిమే బలం 700 టన్నులు. ఘర్షణ అందులో అయిదో వంతు అనుకున్నా 140 టన్నులు లాగితే గాని కదలదు. అందుకే అక్కడ ఉత్త లాగుడు మీద ఆధారపడరు. జార్ అనే పనిముట్టు ఉంటుంది: లాగుతున్న కొద్దీ దాని లోపలి నూనె సన్నటి సందు గుండా మెల్లగా జారి, ఒక్కసారిగా వదిలేయగానే, సాగి ఉన్న పైపు వరస తటాలున ముడుచుకుని లోపల సుత్తి దెబ్బ కొడుతుంది. దెబ్బ మీద దెబ్బ గంటల తరబడి వేస్తారు. అప్పటికీ రాకపోతే పట్టు పడిన చోటికి పైన ఉన్న అతుకు దగ్గర, పైపును ఎడమకు మెలిపెట్టి ఉంచి, చిన్న పేలుడుతో మర వదిలించి, పై భాగాన్ని బయటికి తీసేస్తారు. మిగిలినదాన్ని ఓవర్‌షాట్‌తో బయటినుంచో, స్పియర్‌తో లోపలినుంచో పట్టుకుంటారు; కుదరకపోతే పక్కనుంచి కొత్త దారి తొలుచుకుంటూ వెళ్లిపోతారు. ఈ పనికి వారు పెట్టుకున్న పేరు ఫిషింగ్, లోపల పడినదానికి ఫిష్. మన మెకానిక్కులు గాలం అనడానికి వారిని అడగవలసిన అవసరం రాలేదు.

ప్రశ్న: బోరు మోటారుకు నల్ల హెచ్‌డీపీఈ (ప్లాస్టిక్) పైపు వేస్తే ఇలా తెగి ఇరుక్కునే బాధ ఉండదా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: పైపు మధ్యలో మరలు ఉండవు కాబట్టి అక్కడ తెగడం ఉండదు. రాయి పడితే మాత్రం అదీ ఇరుక్కుంటుంది, పైగా లాగితే సాగుతుంది. అందువల్ల మోటారుకు విడిగా తాడు కట్టి, బరువు దాని మీద పడేలా చూసుకోండి. కేబులును పది అడుగులకొకచోట పైపుకు కట్టండి. మోటారు తీసేటప్పుడు కేబులును బిగువుగా పట్టుకుని, పైపుతో సమానంగా పైకి చుట్టుకునే మనిషి వేరే ఉండాలి. ఆ పని పుల్లీ లాగేవారికే అప్పగించకండి.