ఐదేళ్లు నిండితే పిల్లవాడు తండ్రికే వస్తాడా?

మీ బాబుకు ఆరేళ్లు నిండాయి. ఎనిమిది నెలలుగా తల్లితో కలిసి ఒంగోలులో అమ్మమ్మగారింట్లో ఉంటున్నాడు, అక్కడే బడికి వెళుతున్నాడు. మీరు నెల్లూరులో మంచి ఉద్యోగంలో ఉన్నారు. ఐదేళ్లు దాటాయి కాబట్టి కోర్టు మీకే అప్పగిస్తుందా, కేసు నెల్లూరులో వేయవచ్చా, బిడ్డను చూపించడం లేదు కాబట్టి డబ్బు ఆపేయవచ్చా అని అడిగారు. ఈ మూడు ప్రశ్నలతోనే ఒకప్పుడు నేనూ ప్లీడర్ల చుట్టూ తిరిగాను. మాది కావలి, ఆమెది ఒంగోలు, పాపకు అప్పుడు ఆరేళ్లు.

ఈ ఐదేళ్ల లెక్క మన బంధువులందరికీ కంఠతా వచ్చు. చట్టంలో ఉన్నది వేరు. ఐదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 6వ సెక్షను చెబుతుంది. నిండిన మర్నాడు తండ్రికి ఇచ్చేయమని ఎక్కడా లేదు. బిడ్డ క్షేమమే అన్నిటికన్నా ముఖ్యమని 13వ సెక్షను అంటుంది. జడ్జి చూసేది అదే. నేను మాత్రం జీతం చీటీలు, డాబా ఇంటి ఫొటోలు, పాపకోసం కొన్న మంచం బిల్లు దొంతరగా పెట్టి, ఇక గెలిచినట్టే అనుకున్నాను.

సాక్ష్యం రోజున ఎదుటి వకీలు నా జీతం ఊసే ఎత్తలేదు. పాప క్లాసు టీచరు పేరేమిటి? పాపకు ఏ మందు పడదు? పోయినసారి జ్వరం వచ్చినప్పుడు ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్లారు? మొదటి ప్రశ్నకే నీళ్లు నమిలాను.

అంతకంటే పెద్ద దెబ్బ మా ఇంటి నుంచే తగిలింది. కేసు తేలేలోపు కోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మీద సంక్రాంతికి పాప నాలుగు రోజులు కావలి వచ్చింది. మా అమ్మ అరిసెలు పెడుతూ, ‘అమ్మ కొడుతోందని జడ్జిగారితో చెప్పు తల్లీ’ అని నూరిపోసింది. నేను విన్నాను, ఊరుకున్నాను. తరువాతి వాయిదాకు జడ్జి మమ్మల్నందరినీ బయట ఉంచి పాపను ఛాంబరులోకి పిలిచారు. పొద్దున ఏం తిన్నావు, జడ ఎవరు వేశారు అని మొదలుపెట్టి, చివరకు అమ్మ కొడుతుందా అని అడిగారట. ‘కొడుతుందని నాయనమ్మ చెప్పమంది’ అన్నదట పాప. ఆ వాక్యం తీర్పు నకలులో ఉంది. ఆ పేజీ తెరవాలంటే ఇప్పటికీ చేతులు రావు. స్వయంగా ఆలోచించి చెప్పగల వయసున్న బిడ్డ ఇష్టాన్ని కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 17వ సెక్షను చెబుతుంది. నూరిపోసిన మాట ఏదో, సొంత మాట ఏదో కనిపెట్టడం జడ్జీలకు కష్టం కాదు.

ఎక్కడ వేయాలంటే, ఆ 1890 చట్టం 9వ సెక్షను ప్రకారం బిడ్డ సాధారణంగా ఎక్కడ నివసిస్తుంటే అక్కడి కోర్టులో. నేను మొండికేసి నెల్లూరులో వేశాను. అభ్యంతరం లేచింది, వాదనలు జరిగాయి, అర్జీ వాపసు వచ్చింది. అయిదు నెలలు పోయాయి. మీ బాబు ఇల్లూ బడీ ఒంగోలులోనే ఉన్నాయి కాబట్టి అక్కడే వేయండి. 120 కిలోమీటర్లు వాయిదాలకు తిరగడం కష్టమే, కాని పిల్లవాణ్ణి తిప్పడం కన్నా నయం.

డబ్బు ఆపకండి. నేను కోపంతో రెండు నెలలు ఆపాను. నా అర్జీకి జవాబుగా వాళ్లు వేసిన కౌంటరులో మొదటి పేరా అదే. పంపేది ఎంతైనా బ్యాంకు ద్వారా పంపండి, చేతికి ఇవ్వకండి.

అర్జీతో పాటే బిడ్డను చూసేందుకు మధ్యంతర దరఖాస్తు కూడా వేయండి. ఆ 1890 చట్టం 12వ సెక్షను కింద వేస్తారు. బిడ్డ ఒకరి దగ్గర ఉన్నా రెండోవారు కలుసుకునేందుకు, ఫోనులోనో వీడియోలోనో మాట్లాడేందుకు వీలుండాలని సుప్రీంకోర్టు 2020లో యశితా సాహు కేసులో గట్టిగా చెప్పింది. దాన్ని చూపించమని మీ వకీలుకు చెప్పండి. నాకు మొదటి భేటీ కోర్టు వరండాలో, గంటసేపు. నెల్లూరు మలై కాజాలు పట్టుకెళ్లాను. పాప ఒకటి తిన్నది, ఇంకొకటి కాగితంలో చుట్టి బడి సంచిలో పెట్టుకుంది. ఎవరికమ్మా అంటే ‘అమ్మకు’ అన్నది. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు ముద్దు రాలేదు, ఒళ్లు మండింది.

చివరకు పాప తల్లి దగ్గరే ఉంది. నాకు రెండో, నాలుగో శనాదివారాలు, వేసవి సెలవుల్లో సగం, రోజూ సాయంత్రం వీడియో కాల్ ఇచ్చారు. అన్యాయం అని అప్పట్లో ఊరంతా చెప్పుకున్నాను. ఇప్పుడు అలా అనను. పైగా ఇలాంటి ఉత్తర్వులు రాతి మీద గీతలు కావు. పరిస్థితులు మారితే మార్చమని అడగవచ్చని సుప్రీంకోర్టు 1973లోనే రోజీ జేకబ్ కేసులో చెప్పింది. నేను మళ్లీ అడగలేదు. పాపకిప్పుడు పదకొండేళ్లు. రైలు దిగగానే దువ్వెన నా చేతికిస్తుంది. రెండు జడలు వేయడం వచ్చింది, పాపిట మాత్రం ఇంకా వంకరే.

అర్జీ వేసే ముందు ఒకసారి బాబు బడికి వెళ్లి టీచరును కలవండి. గొడవ సంగతి అక్కడ ఎత్తకండి. లెక్కలు ఎలా చేస్తున్నాడో, మధ్యాహ్నం ఎవరి పక్కన కూర్చుని తింటున్నాడో అడిగి తెలుసుకోండి.