తాయ్‌చీలో మనసు వాడడమంటే: మేనకోడలికి ఉత్తరం

చిట్టితల్లికి మామయ్య ఆశీస్సులు.

బీజింగ్‌లో రోజూ పొద్దున్నే పార్కుకు వెళ్లి తాయ్‌చీ, అదే ఆ నెమ్మది కదలికల చైనా యుద్ధవిద్య, నేర్చుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషమేసిందో! ఉద్యోగం పేరుతో అక్కడున్న పదకొండేళ్లూ టెంపుల్ ఆఫ్ హెవెన్ పార్కులో, ఆ పాత సైప్రస్ చెట్ల కింద నేను పట్టుకున్న విద్య అదే. బలం వాడొద్దు, మనసు వాడమని మీ టీచర్ అంటున్నారనీ, అదెలాగో అర్థం కావట్లేదనీ రాశావు.

ఆ మాట తాయ్‌చీ గురువు యాంగ్ చెంగ్‌ఫు (1883–1936) చెప్పిన పది సూత్రాల్లో ఒకటి. 'యోంగ్ యి, బూ యోంగ్ లి'. లి అంటే కండబలం. యి అంటే సంకల్పం అనుకో. పూజలో గోత్రం చెప్పి చేసే సంకల్పం కాదమ్మా. మంచినీళ్ల గ్లాసు అందుకోబోతావు చూడు, చెయ్యి కదలకముందే లోపల 'అటు' అని ఒకటి పుడుతుంది, అది. శింగ్‌యి అనే మరో చైనా యుద్ధవిద్యకు పేరులోనే ఈ యి ఉంది. మనసు యితో, యి ప్రాణశక్తితో, ప్రాణశక్తి బలంతో కలవాలంటారు వాళ్లు. భుజం తుంటితో, మోచెయ్యి మోకాలితో, చెయ్యి పాదంతో కలవడం బయటి సంగతి.

రేపు మొదటి కదలిక ఒక్కటే చెయ్యి. పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి నిలబడు. చేతులు అప్పుడే ఎత్తకు. మణికట్ల పైభాగాన ధ్యాస పెట్టి, అక్కడ దారం కట్టి ఎవరో మెల్లగా పైకి లాగుతున్నారనుకో. ఆ ఊహ కుదిరాక చేతుల్ని దాని వెంట పోనివ్వు. సగం దూరం వచ్చాక భుజాలు చూసుకో. చెవుల వైపు లేచాయా? అంటే బలం ముందు దూకిందన్నమాట. దించేసి మళ్లీ మొదలుపెట్టు. నేను ఈ ఒక్కటే నెలల తరబడి చేశాను.

నేను చేసిన పొరపాటు నువ్వు చెయ్యకూడదని ఇది రాస్తున్నాను. అరచేతులు వెచ్చబడి, జివ్వుమంటుంటే అదే చీ, అంటే ఆ ప్రాణశక్తి, అనుకుని దాదాపు ఏడాది దాని వెంటే పడ్డాను. ఒకరోజు ట్వేషౌలో, అంటే ఇద్దరు ముంజేతులు ఆనించుకుని తోసుకునే సాధనలో, మా గురువుగారు నా మోచేతి మీద రెండు వేళ్లు ఆనించారు. అంతే, రెండడుగులు వెనక్కి పోయాను. నా ధ్యాసంతా నా అరచేతిలోనే ఉందనీ, ఎదుటి మనిషి బరువు ఎటుందో నేను వినడమే లేదనీ చెప్పారు. 'వినడం' అన్నది వాళ్ల మాటే. తాకిన చోట చర్మంతో వినాలి. మనసు తన ముచ్చట్లలో పడితే ఆ వినికిడి పోతుంది.

మనసుని మరీ బిగబట్టినా కష్టమే, ఒంట్లోకి టెన్షన్ వచ్చేస్తుంది. దీనికి మందు నిలబడే సాధన. వాంగ్ శియాంగ్‌జాయ్ (1885–1963) అనే యుద్ధవిద్యల గురువు ముందే కూర్చిన కదలికల వరసలన్నీ పక్కనపెట్టి దీన్నే పునాది చేసుకున్నాడు. ఆయన పద్ధతికి యిచువాన్ అని పేరు. మోకాళ్లు కొద్దిగా వదులు చేసి, చెట్టుని కావిలించుకున్నట్టు చేతులు గుండ్రంగా ఎత్తు. నిద్రపోతున్న చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఉండాలి, జారిపోకూడదు, నలిగిపోకూడదు. మొదట ఐదు నిమిషాలు చాలు. కళ్లు మూయకు, దూరంగా ఉన్న చెట్టుని చూడు. తొడలు వణికితే ఫర్వాలేదు, మోకాలు నొప్పెడితే మాత్రం లేచి నిలబడు. ఆలోచనలు వస్తాయి. వాటితో పోట్లాడకుండా అరికాళ్ల దగ్గరికి వచ్చెయ్.

చలికాలంలో అక్కడ పొద్దుటి పూట చేతులు కొంకర్లు పోతాయి. గ్లౌజులు మర్చిపోకు. ఆదివారం వీడియో కాల్ చేసినప్పుడు ఆ మొదటి కదలిక చూపించు, నీ భుజాలు చూడాలి.

మామయ్య