వాపు మాత్రలోని ఆ ఎంజైమ్ ఏం చేస్తుంది?

ప్రశ్న: నా వయసు 34. జ్ఞానదంతం తీయించుకున్నాక ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్, సెర్రాషియోపెప్టిడేజ్ కలిసిన మాత్ర ఐదు రోజులకు రాశారు. చివరిది బ్యాక్టీరియా నుంచి వచ్చే ఎంజైమ్ అట. అదేం చేస్తుంది? మాత్ర పెద్దది, విరిచి వేసుకోవచ్చా?

జవాబు: విరవకండి. ఎందుకో ఆ ఎంజైమ్ నిర్మాణం చూస్తే తెలుస్తుంది.

ఇది సెర్రాషియా అనే బ్యాక్టీరియా బయటికి వదిలే ప్రొటీన్. జపాన్‌లో పట్టుపురుగు పేగులోంచి వేరుచేసిన రకం నుంచి మందుగా మారింది. సుమారు 470 అమైనో ఆమ్లాల గొలుసు రెండు భాగాలుగా ముడుచుకుని ఉంటుంది. మొదటి భాగంలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాలు మూడు ఒక జింక్ అయాన్‌ను పట్టుకుంటాయి. జింక్‌కు అంటుకున్న నీటి అణువును పక్కనున్న గ్లుటమేట్ అనే మరో అమైనో ఆమ్లం చురుకు చేస్తే, ఆ నీరు ఇతర ప్రొటీన్ల గొలుసును కలిపి ఉంచే పెప్టైడ్ బంధాన్ని తెంపుతుంది. రెండో భాగం చాపచుట్టలా చుట్టుకుని, మడతల్లో కాల్షియంను ఇరికించుకుంటుంది. బ్యాక్టీరియా లోపల కాల్షియం బాగా తక్కువ కాబట్టి అక్కడ ఈ చుట్ట బిగుసుకోదు. బయటికొచ్చాకే ఎంజైమ్‌కు పదును. లేదంటే కన్న కణాన్నే అరిగించేసేది!

జీర్ణాశయంలోని ఆమ్లానికి ఈ మడతలన్నీ విడిపోతాయి. అందుకే పేగులో మాత్రమే కరిగే పూత వేస్తారు, మాత్ర పైనో, లోపలి గుళికల మీదో. విరిచినా నూరినా ఆ పూత దెబ్బతింటుంది.

పూత పనిచేసినా ఇంకో అడ్డంకి ఉంది. దాదాపు 50 వేల డాల్టన్ల (అణువుల బరువు కొలిచే ప్రమాణం) ఇంత పెద్ద అణువు పేగు గోడ దాటి రక్తంలోకి చేరేది అతి స్వల్పం. జ్ఞానదంతం తీశాక వాపు కొంత తగ్గిందని చిన్న అధ్యయనాలు కొన్ని చెప్పాయి, కొన్నింటిలో తేడా లేదు. జపాన్‌లో టకేడా సంస్థ, ఉత్తుత్తి మాత్రతో పోల్చినప్పుడు తేడా కనబడక 2011లో దీన్ని ఉపసంహరించుకుంది. నా దృష్టిలో మీ నొప్పిని తగ్గించేది ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్‌లే.

ఇంకో తిరకాసు: ఎంజైమ్‌ను పరగడుపున వేసుకోమంటారు, ఎసిక్లోఫెనాక్ పరగడుపున పొట్టను మండిస్తుంది. కలిపిన మాత్ర కాబట్టి తిన్నాకే వేసుకోండి. విడిగా ఇంకో పారాసెటమాల్ గానీ, నొప్పి మాత్ర గానీ కలపకండి. అల్సర్, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉన్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా ముందే డాక్టర్‌కు చెప్పాలి. దద్దుర్లు, కొత్తగా దగ్గు, ఆయాసం వస్తే ఆపేయాలి.

మొదటి రోజు చెంప మీద ఐస్ గుడ్డలో చుట్టి 15 నిమిషాల చొప్పున పెట్టండి. వాపు రెండు, మూడు రోజులు పెరిగి తర్వాత దిగుతుంది. మూడో రోజు దాటాక పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, మింగడం కష్టమైనా ఆ రోజే దంత వైద్యుడికి చూపించండి.