సంఘంలో పని అడిగితే "చూద్దాం" అంటున్నారు

ప్రశ్న: మా వారి ఉద్యోగ బదిలీ వల్ల ఏడు నెలల క్రితం నరసన్నపేట నుంచి పర్లాకిమిడి వచ్చాము. ఇక్కడి తెలుగు బాప్టిస్టు సంఘానికి ప్రతి ఆదివారం వెళ్తున్నాము. మా ఊళ్లో పదేళ్లు ఆదివార బడి నడిపాను, పాటల బృందంలో పాడాను. ఇక్కడ కూడా ఏదైనా పని అప్పగించమని పాస్టరు గారిని రెండుసార్లు అడిగితే "చూద్దామమ్మా" అన్నారు, అంతే. మమ్మల్ని పరాయివాళ్లుగా చూస్తున్నారేమో అనిపిస్తోంది. ఏం చేయమంటారు?
- ఒక సోదరి, పర్లాకిమిడి

జవాబు: సోదరీ, ముందుగా ఒక చిన్న సంగతి. మీ పాత సంఘం నుంచి బదిలీ ఉత్తరం తెచ్చి ఇచ్చారా? బాప్టిస్టు సంఘాలలో సభ్యత్వం సంఘం ఆమోదిస్తేనే వస్తుంది కాబట్టి, అది అందేదాకా పెద్దల దృష్టిలో మీరు అతిథులే. అతిథికి బాధ్యత అప్పగించడానికి ఎవరైనా తటపటాయిస్తారు.

అది అలా ఉంచితే, మీరు మీకు వచ్చిన పని అడుగుతున్నారు గానీ, ఆ సంఘానికి ఏ పని కావాలో ఇంకా చూసినట్టు లేదు. వచ్చే ఆదివారం పిల్లల వరుస వెనుక కూర్చోండి. నేను బరంపురంలో ఉన్న రోజుల్లో గమనించినదే మీకూ కనిపించవచ్చు. పాట మొదలవగానే పదేళ్ల పిల్లవాడు కీర్తనల పుస్తకం తెరుస్తాడు గానీ వాడి చూపు పేజీ మీద ఉండదు, అమ్మ పెదవుల మీద ఉంటుంది. పల్లవి గట్టిగా పాడి, మూడో చరణానికి వచ్చేసరికి ఊరికే నోరు కదుపుతాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా బడిలో నేర్చుకున్నవి ఒడియా అక్షరాలు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి పట్టణం అందులో చేరినప్పటి నుంచి ఇక్కడి తెలుగు ఇళ్లను వెన్నాడుతున్న చిక్కే ఇది.

మీరు పూనుకోదగిన పని ఇదేనని నా అభిప్రాయం. అట్టముక్కల మీద బైబిలులోని 23వ కీర్తనను వారానికి ఒక వాక్యం చొప్పున, పైన తెలుగు లిపిలో, కింద అదే తెలుగును ఒడియా లిపిలో రాసి, ఆరాధనకు అరగంట ముందు పిల్లల చేత చదివించండి. ఒడియా లిపి మీకు రాదు కదా, సంఘంలో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయిని ఎవరినైనా తోడు పెట్టుకుని ఆమె దగ్గర మీరూ ఆ అక్షరాలు దిద్దండి. పిల్లల దగ్గర పెద్దవాళ్లు ఇద్దరు ఉండటం ఎప్పుడూ మంచిది కాబట్టి వాళ్లమ్మనూ రమ్మనండి. అయితే ఇప్పుడు ఆదివార బడి చూస్తున్న ఆమెతో ముందే మాట్లాడి, ఆమె చేతే పాస్టరు గారికి చెప్పించండి. తన చోటు లాక్కోవడానికి వచ్చారని ఆమె అనుకుంటే అట్టముక్కలు అటకెక్కుతాయి.

రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభు సంస్కారం తరువాత గిన్నెలు కడగడం, భూస్థాపన జరిగిన ఇంట్లో టీ పెట్టడం వంటి వాటికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

బియ్యమో మందులో పట్టుకుని సంఘం వాళ్లు కొండ గ్రామాలకు వెళ్లే సందర్భం వస్తే మాత్రం పెద్దలతోనే వెళ్లండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మీ గజపతి జిల్లాను దెబ్బతీసినట్టు మళ్లీ ఏదైనా వస్తే చేతులు చాలవు, నిజమే. కానీ బలవంతం, మోసం, ప్రలోభాలతో మతం మార్చడాన్ని నేరంగా పరిగణించే చట్టాన్ని 1967లోనే చేసిన రాష్ట్రం ఇది. సాయం పుచ్చుకునేవారిని వాళ్ల మతం గురించి అడగకండి, బియ్యం సంచీ ఇచ్చే చోట ప్రార్థన కూటం పెట్టకండి. చట్టం లేకపోయినా నేను ఈ మాటే చెప్పేదాన్ని.

పాటల బృందం సంగతి ఇప్పుడు ఎత్తకండి. క్రిస్మసు సాధన మొదలైతే గొంతులు చాలక వాళ్లే పిలవవచ్చు. పిలవకపోతే నవంబరులో మరోసారి అడగండి.