పాత అమెరికన్ ఇళ్లు, ఇంటి సామాను: ఈ చదువుకు భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి విజయవాడలో బి.ఏ. చరిత్ర చివరి సంవత్సరం చదువుతోంది. నిరుడు వేసవిలో బోస్టన్‌లోని మా బావమరిది ఇంటికి వెళ్లి, అక్కడికి దగ్గరలో డెడ్‌హమ్‌ అనే ఊళ్లో ఉన్న ఫెయిర్‌బ్యాంక్స్ ఇంటిని చూసి వచ్చింది. బ్రిటిష్ వలస కాలపు ఇళ్లు, వాటిలోని వస్తువులు, ఆ కుటుంబాల రోజువారీ జీవితం గురించే పై చదువు చదువుతానని అప్పటి నుంచి పట్టుబడుతోంది. అప్పు చేసి అమెరికా పంపవచ్చా? చివరికి పాత ఇల్లు చూపించే గైడుగా మిగిలిపోతుందేమోనని భయంగా ఉంది.
– ఒక తండ్రి, విజయవాడ

జవాబు: మీ అమ్మాయి ఎంచుకున్నది గంభీరమైన విషయం. దాన్ని వేసవి సెలవుల మోజుగా కొట్టిపారేయకండి. అయితే బి.ఏ. పూర్తికాగానే అప్పు చేసి పంపడం సరికాదని నా అభిప్రాయం. ఈ రెండు మాటలూ ఎందుకు అంటున్నానో వివరిస్తాను.

ఆమె చూసిన ఇల్లు ఉత్తర అమెరికాలో నేటికీ నిలిచి ఉన్న కలప చట్రపు ఇళ్లలో అత్యంత పురాతనమైనదిగా గుర్తింపు పొందింది. దూలాల్లో చెట్టు ఏటేటా పెరిగిన గుర్తుగా ఉండే వలయాలను పరీక్షించి, అది 1637–1641 మధ్య కట్టినదని తేల్చారు. ఒకే వంశానికి చెందిన ఎనిమిది తరాల వారు 20వ శతాబ్ది ఆరంభం దాకా అందులో కాపురం ఉన్నారు. ఇప్పటికీ ఆ వంశీకుల సంఘమే దాన్ని కాపాడుతోంది. ఇలాంటి ఇంటిని అధ్యయనం చేసేవారికి వస్తువులెంత ముఖ్యమో కాగితాలూ అంతే ముఖ్యం. ఆ రోజుల్లో ఇంటి యజమాని చనిపోతే, కోర్టు నియమించిన ఇరుగుపొరుగు పెద్దలు వచ్చి, సాధారణంగా గది గదికీ తిరిగి, మంచాలు, ఇనప కుండలు, ప్యూటర్ (తగరం ప్రధానంగా ఉండే మిశ్రమ లోహం) పళ్లాలు, చెక్క పళ్లేలు, గొడ్డూగోదా అన్నిటికీ వెల కట్టి జాబితా రాసేవారు. చాలా జాబితాల్లో ఈకల పరుపుతో, దుప్పట్లతో, తెరలతో కూడిన మంచమే ఇంటిసామాను మొత్తంలో ఎక్కువ ఖరీదైనదిగా కనిపిస్తుంది. 17వ శతాబ్దిలో ఆ ఇళ్లలో భోజనానికి ఫోర్కులు వాడటం అరుదు. ప్రతి ఇంట్లోనూ తామే నూలు వడికి తామే బట్ట నేసుకునేవారని తరువాతి తరాలు ఊహించుకున్నాయి గానీ, జాబితాల్లో రాట్నాలు కనిపించినన్ని చోట్ల మగ్గాలు కనిపించవు.

ఈ జాబితాలు చెప్పనివీ ఉన్నాయి. పెళ్లయిన స్త్రీ వాడే వస్తువులు చట్టం దృష్టిలో భర్తవే కాబట్టి, రోజంతా పొయ్యి దగ్గర గడిపిన మనిషి పేరు ఆ సామాను పక్కన ఉండదు. బానిసలుగా ఉంచిన మనుషులను మాత్రం కుర్చీలతో, పశువులతో పాటు అదే జాబితాలో వెల కట్టి రాశారు. మసాచుసెట్స్‌లోనే మెడ్‌ఫర్డ్‌లో ఉన్న, రాయల్ అనే ఇంటిపేరు గల సంపన్న కుటుంబం భవనం పక్కన, ఆ కుటుంబం బానిసలుగా ఉంచిన వారి నివాసం కూడా నిలిచి ఉంది. అక్కడ బానిసగా బతికిన బెలిండా సటన్ అనే స్త్రీ, తన శ్రమతో పెరిగిన ఆ ఎస్టేటు నుంచి తనకు భృతి ఇప్పించాలని 1783లో రాష్ట్ర శాసనసభకు అర్జీ పెట్టుకుంది. ఆ అర్జీని, పెరట్లో తవ్వి తీసిన పింగాణీ పెంకులను, యజమాని సామాను జాబితాను పక్కపక్కన పెట్టి ఆ ఇంట్లో ఎవరు ఎలా బతికారో చెప్పగలగడమే ఈ విద్య. 19వ శతాబ్ది చివర వలస కాలం మీద మమకారంతో అలంకరించిన గదులను నేటి మ్యూజియంలు తిరిగి పరిశీలిస్తున్నాయి కనుక, ఈ పని తెలిసినవారి అవసరం నిజంగానే ఉంది.

అవసరం ఉన్నా ఉద్యోగాలు తక్కువ. ఇలాంటి ఇళ్లలో చాలావాటిని చిన్న సంఘాలు నడుపుతాయి. ఒకరిద్దరు జీతగాళ్లు, తక్కిన వారు స్వచ్ఛంద సేవకులు, సీజను గైడ్లు. సేకరణల బాధ్యత చూసే క్యురేటర్, వస్తువుల రికార్డులు చూసే రిజిస్ట్రార్, పాత వస్తువులు పాడవకుండా బాగుచేసే కన్జర్వేటర్ వంటి స్థిరమైన కొలువులు పెద్ద సంస్థల్లోనే ఉంటాయి, వాటికి పోటీ తీవ్రం. పైగా చదువు ముగిశాక విద్యార్థి వీసా మీద అమెరికాలో పనిచేయడానికి సాధారణంగా 12 నెలలే గడువు. సైన్సు, ఇంజినీరింగ్ పట్టభద్రులకు దొరికే అదనపు 24 నెలలు చరిత్ర చదివినవారికి వర్తించవు. బ్యాంకు అప్పు వాయిదాలు ఆ గడువు కోసం ఆగవు. మీకు నేను వద్దని చెప్పడానికి ముఖ్య కారణం ఇదే.

కాబట్టి మొదటి మెట్టు ఇక్కడే వేయించండి. వడోదరలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో మ్యూజియాలజీ (మ్యూజియంల నిర్వహణ విద్య) శాఖ 1952 నుంచి ఉంది. కోల్‌కతా విశ్వవిద్యాలయంలోనూ ఎం.ఏ. స్థాయిలో ఈ చదువు ఉంది. మూడేళ్ల డిగ్రీతో నేరుగా వచ్చేవారిని కొన్ని అమెరికన్ విశ్వవిద్యాలయాలు అంగీకరించవు కనుక, ఇక్కడి పీజీ ఆ చిక్కునూ తీరుస్తుంది. ఆ తరువాత అమెరికాలోని డెలవేర్ విశ్వవిద్యాలయం, వింటర్‌థర్ మ్యూజియం కలిసి 1952లో మొదలుపెట్టిన ఎం.ఏ. కోర్సుకు దరఖాస్తు చేయవచ్చు. అమెరికన్ ఇళ్లలోని వస్తువులను ముట్టుకుని, తిరగేసి చూసి నేర్చుకోవాలనుకునే వారికి అంతకంటే తగిన చోటు నాకు తెలియదు. ఫీజు మాఫీ, నెలవారీ భృతి రెండూ రాతపూర్వకంగా దొరికితేనే పంపండి. అదే సంస్థలో కన్జర్వేషన్ కోర్సు వేరే ఉంది. దానికి ఆర్గానిక్ సహా కెమిస్ట్రీ తప్పనిసరి కాబట్టి, మీ అమ్మాయి అటు వెళ్లదలిస్తే కెమిస్ట్రీ పేపర్లు విడిగా చదవవలసి వస్తుంది.

ఆమెకు అక్కడి విద్యార్థుల్లో చాలామందికి లేని అనుకూలత ఒకటి ఉంది. మచిలీపట్నంతో సహా కోరమాండల్ తీరం నుంచి వెళ్లిన రంగుల అద్దకపు నూలు బట్టలు లండన్ మీదుగా అమెరికాలోని బ్రిటిష్ వలస రాజ్యాలకు చేరి, కలిగినవారి మంచాల మీద దుప్పట్లుగా, తెరలుగా అమరాయి. 1700 నాటి చట్టంతో ఇంగ్లండు వాటి వాడకాన్ని తన గడ్డ మీద నిషేధించినా, తిరిగి ఎగుమతి చేయడానికి అనుమతించింది. కరక్కాయ నీళ్లలో ముంచిన గుడ్డ మీద ఇనుము, బెల్లం ఊరబెట్టిన నల్ల కషాయం ఎలా పడుతుందో, పటిక పూసిన చోటే ఎరుపు ఎందుకు నిలుస్తుందో పెడనలో అద్దకం పనివారి దగ్గర కొన్ని నెలలు కూర్చుని నేర్చుకుంటే, బోస్టన్ మ్యూజియంలోని ఒక దుప్పటి గురించి ఆమె చెప్పే మాటకు పుస్తకాలు మాత్రమే చదివిన వారి మాటకు లేని బరువు వస్తుంది. విజయవాడ నుంచి పెడన బస్సు ప్రయాణమే. ఈ అవకాశాన్ని వదులుకోనివ్వకండి.

గైడు ఉద్యోగం గురించి మీ భయాన్ని అర్థం చేసుకోగలను. ఆ పనిని చిన్నచూపు చూడవద్దని మాత్రం కోరుతున్నాను. సందర్శకుల ప్రశ్నలకు రోజూ జవాబు చెప్పడంలో నేర్చుకునేది ఎంతో ఉంటుంది, తరువాత మ్యూజియం విద్యా విభాగాల్లో చేరడానికి అది పనికివస్తుంది కూడా. అదే ఆఖరి మజిలీ కాకుండా ఉండాలంటే, వస్తువులను నమోదు చేయడం, కొలవడం, ఫోటో తీయడం, పాత దస్తూరీ చదవడం వంటి పనులు చేతికి రావాలి. ఇవి వచ్చినవారికి ఇండియాలోని మ్యూజియంలు, ఆర్కైవ్స్, వేలం సంస్థలు, వారసత్వ భవనాల పరిరక్షణ సంస్థల్లోనూ పని దొరికే వీలుంది.

ఈ విద్యాసంవత్సరంలోనే ఆమె చేయగలిగినది ఒకటి ఉంది. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే వలస కాలపు ఆస్తి జాబితా ఒకటి తీసుకుని, అందులోని ఒక్క గదిని ఎంచుకుని, ఆ సామాను ఏమిటి, ఎవరు వాడి ఉంటారు, జాబితాలో ఏది లేదు అన్న ప్రశ్నలతో పది పన్నెండు పేజీల వ్యాసం ఇంగ్లిషులో రాయమనండి. దాన్ని తన అధ్యాపకుల చేత దిద్దించుకుంటే, రేపు దరఖాస్తుతో పాటు జతచేయవలసిన రచనా నమూనాగా అదే పనికివస్తుంది.